నాలుక చేప రెండో చెంప

ఒకప్పుడు నాలుక చేప ఇప్పటిలా బురదలో బల్లపరుపుగా పడి ఉండేది కాదు. మిగతా చేపల్లాగే నిలువుగా, దర్జాగా ఈదేది.

ఈ కథ నేను చిన్నప్పుడు విన్నది. ఏది ముందు జరిగిందో, ఏది తరవాత జరిగిందో నాకిప్పుడు కాస్త అటూ ఇటూ కావచ్చు. ఒకటి రెండు చోట్ల వెనకది ముందు చెప్పినా మీరు సర్దుకుని చదువుకోండి. అందులో జరిగిన మోసం మాత్రం నాకు బాగా గుర్తుంది. అది మరిచిపోదామన్నా మరుపుకు రాదు.

నాలుక చేపను చేపల బజారులో మీరు చూసే ఉంటారు. చాచిన నాలుకలా పలచగా, పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క బురద రంగు, ఒక పక్క తెలుపు. మూతి వంకర. కళ్ళు రెండూ ఒకే చెంపకు ఉంటాయి. రెండో చెంప బోసిగా, కళ్ళు లేని గోడలా ఉంటుంది.

ఆ రోజుల్లో అలా కాదు. దానికీ ఎడమ చెంపకు ఒక కన్ను, కుడి చెంపకు ఒక కన్ను. మూతి తిన్నగా, ముచ్చటగా ఉండేది. ఎడమ పక్క మాత్రం అప్పుడూ ఏటి బురద రంగే. కుడి పక్క అప్పుడూ సముద్రపు నురగ తెలుపే.

ఆ చేప పేరు ధర్మయ్య. ఎవరు పెట్టారో గాని, ఉన్న ధర్మమంతా పేరులోనే ఉండిపోయింది.

ధర్మయ్య ఇల్లు మొగ దగ్గర. ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోటును మావైపు మొగ అంటారు. అటు తియ్యనీళ్ళు, ఇటు ఉప్పునీళ్ళు. మధ్యలో ఒక ఇసకదిబ్బ, దాని పక్కన ఇరుకైన నీటిదారి. ఏటిలోంచి సముద్రానికి పోవాలన్నా, సముద్రంలోంచి ఏటిలోకి రావాలన్నా ఆ దారినే పోవాలి.

ఏటి పేరు ఏటమ్మ. సముద్రం పేరు సముద్రమ్మ. ఇద్దరూ వియ్యపురాళ్ళు. ఏటమ్మ కూతురు ఇలసను సముద్రమ్మ కొడుక్కిచ్చి చేశారు. ఇలస అంటే ఎవరో కాదు, మీరు పులస అంటారే, ఆ చేపే. ఏటిలో పుట్టింది, సముద్రంలో కాపురం చేసింది. వెండి పొలుసులు, నల్లటి కళ్ళు, నెమ్మదైన మాట.

పెళ్ళి భోజనాల దగ్గర వియ్యపురాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"మీ ఇంటి నీళ్ళు గుక్కెడు తాగామంటే ఇంక దాహం తీరే దారే లేదు వదినగారూ!" అంది ఏటమ్మ నవ్వుతూ.

"మీ ఇంటి పప్పు తినాలంటే ఉప్పుకోసం మా ఇంటికి పరిగెత్తాలి వదినగారూ!" అంది సముద్రమ్మ ఇంకా గట్టిగా నవ్వుతూ.

వియ్యాలవారి వేళాకోళాలు అలాగే ఉంటాయి. ఇద్దరూ పడిపడి నవ్వారు. విస్తళ్ళు ఎత్తేశారు. అందరూ ఎవరి నీళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

నవ్వనివాడు ధర్మయ్య ఒక్కడే. ఒక మూల కూర్చుని ఆ మాటలు రెండూ జాగ్రత్తగా మూటగట్టుకున్నాడు.

మర్నాడు ఏటిలోకి వెళ్ళాడు. ఎడమ చెంప ఏటమ్మ వైపు తిప్పి నిలబడ్డాడు. బురద రంగు చెంప.

"చెల్లెమ్మా, నేను మీ మనిషిని. నా ఒంటి రంగు చూస్తేనే తెలుస్తుంది. అందుకే కడుపులో దాచుకోలేక చెబుతున్నాను. మీ వియ్యపురాలు పప్పు మాట సరదాకి అనలేదు. మీరు వెళ్ళాక నలుగురిలో, ఉప్పు కొనుక్కునే గతి కూడా లేనివాళ్ళతో వియ్యమందాల్సి వచ్చింది అంది."

ఏటమ్మ మొహం కందిపోయింది.

తరవాత సముద్రంలోకి వెళ్ళాడు. ఈసారి కుడి చెంప తిప్పాడు. నురగలాంటి తెల్లని చెంప.

"చెల్లెమ్మా, నేను మీ మనిషిని. నా ఒంటి రంగే సాక్ష్యం. మీ వియ్యపురాలు దాహం మాట నవ్వులాటకు అనలేదు. ఎంత ఉండి ఏం లాభం, ఒకరి గొంతు తడపలేని బతుకు అని మీ వెనకాల అంది."

 సముద్రమ్మ అలలు ఒడ్డుకు దబదబా కొట్టుకున్నాయి.

చూశారా పిల్లలూ! అబద్ధం ఆడేవాడికి ఒక మొహం చాలు. ఈ పనికి రెండు మొహాలు కావాలి. ఇక్కడ ఒక మొహం, అక్కడ ఒక మొహం. రెండు చోట్లా ఒకటే మాట, "నేను మీ మనిషిని" అని. అబద్ధం ఆడేవాణ్ణి ఎప్పుడైనా పట్టుకోవచ్చు. వీణ్ణి పట్టుకోవాలంటే వీడి రెండు చెంపలూ ఒకేసారి చూడాలి. అలా చూడనివ్వడు కదా!

పోనీ, ఆ ఇద్దరిలో ఒకరైనా రెండోవారి దగ్గరికి వెళ్ళి, "వదినగారూ, మీరు ఇలా అన్నారట, నిజమేనా?" అని అడగొచ్చు కదా? అడగలేదు. "ఆవిడే ముందు మాట్లాడాలి" అని ఏటమ్మ. "నేనెందుకు వెళ్ళాలి, మగపెళ్ళివారం" అని సముద్రమ్మ. అలా మాటలు మానేశారు. వాళ్ళ మీద కూడా నాకు కోపమే. కాకపోతే ధర్మయ్య మీద ఉన్నంత కాదు.

మాటలు లేని ఇళ్ళ మధ్య తిరిగే మనిషికి గిరాకీ ఎక్కువ. ఇక ఏ చిన్న కబురు పంపాలన్నా ధర్మయ్యగారే దిక్కయ్యాడు. ఇక్కడ "అన్నయ్యగారూ, ఇంత తిని వెళ్ళండి" అని నాచుపచ్చడి. అక్కడ "అన్నయ్యగారూ, ఎండన పడి వచ్చారు" అని రొయ్యల వేపుడు. రెండు పూటలా రెండు ఇళ్ళల్లో విందు. వాళ్ళిద్దరూ ఒక్కసారి మాట్లాడుకున్నారంటే ధర్మయ్య ముఖం చూసేవాళ్ళు ఉండరు. ఆ సంగతి వాడికి తెలుసు. ఆ విందులు పోకూడదనే వాడు ఇదంతా చేశాడు. ఇంకే పెద్ద కారణమూ లేదు. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇలా ఉండగా ఇలస కడుపుతో ఉంది.

మొదటి కానుపు పుట్టింట్లో జరగాలి. అది మన వాడుక, చేపల వాడుక కూడా. ఇలసకైతే అది వాడుకే కాదు, ప్రాణావసరం. దాని గుడ్లు తియ్యనీళ్ళలోనే పిల్లలవుతాయి. ఉప్పునీళ్ళలో పెడితే ఒక్కటీ బతకదు. ఈ సంగతి ఏటమ్మకూ తెలుసు, సముద్రమ్మకూ తెలుసు, ధర్మయ్యకూ బాగా తెలుసు.

వాడుకలో ఇంకో సంగతి ఉంది. పుట్టింటివారు చలిమిడీ, పసుపూ కుంకుమా పట్టుకొచ్చి, "మా పిల్లను పురిటికి తీసుకెళతాం" అని అడగాలి. అప్పుడు అత్తవారు బొట్టుపెట్టి పంపాలి. అడగకుండా పంపితే అత్తవారికి చిన్నతనం. పిలవకుండా వెళితే పిల్లకు చిన్నతనం.

ఏటమ్మ సంతోషంతో పొంగిపోయింది. గట్టు మీది చేలల్లోంచి బియ్యప్పిండి, చెరకుతోటల్లోంచి బెల్లం తెచ్చి మెత్తటి చలిమిడి చేసింది. తామరాకులో పెట్టింది. కుంకుమ పొట్లం కట్టింది. తనే వెళ్ళవలసింది. వెళ్ళలేదు. ధర్మయ్యను పిలిచింది.

"అన్నయ్యగారూ, ఇది వదినగారి చేతికిచ్చి, మా అమ్మాయిని పంపమని నా మాటగా అడగండి. మొన్నటి మాటలు నేను మనసులో పెట్టుకోలేదని కూడా చెప్పండి."

"అయ్యో చెల్లెమ్మా, నా సొంత కూతురు అయితే ఒకటీ, ఇలస అయితే ఒకటీనా?" అన్నాడు ధర్మయ్య. బురద రంగు చెంప మీద కన్నీటిబొట్టు కూడా తెప్పించాడు. నీళ్ళలో ఉన్న చేప కన్నీరు ఎలా కనబడిందని మీరడగొచ్చు. వాడు కనబడేట్టు చేశాడు. అలాంటివాళ్ళకు అదొక విద్య.

ఇసకదిబ్బ దాటాడో లేదో తామరాకు విప్పాడు. చలిమిడి అంతా తిన్నాడు. ఆకు కూడా నాకాడు. కుంకుమ పొట్లం బురదలో తొక్కాడు.

కడుపుతో ఉన్న పిల్లకు తల్లి పంపిన చలిమిడి! దాన్ని ఎవరైనా తింటారా? ఆకలేసి తిన్నాడంటే వేరు. అప్పుడే రెండు ఇళ్ళల్లో తిని ఉన్నాడు!

మూతి తుడుచుకుని సముద్రమ్మ దగ్గరికి వెళ్ళి తెల్లని చెంప తిప్పాడు.

"అన్నయ్యగారూ, ఏమైనా పంపారా వాళ్ళు?" అని సముద్రమ్మ ఆత్రంగా అడిగింది. ఆవిడకూ లోపల బెంగే.

"ఏం పంపుతారమ్మా! 'కావాలంటే వాళ్ళే దింపి వెళ్ళమనండి, వాళ్ళ గుమ్మం నేనెక్కను' అంది మహాతల్లి."

"చలిమిడి?"

"చలిమిడా! ఆ మాట ఎత్తితే నవ్వింది చెల్లెమ్మా."

సముద్రమ్మ కుతకుత ఉడికింది. అయినా కోడలి మొహం చూసి తగ్గింది. మంచిది ఆవిడ. కోపం పైన, ప్రేమ అడుగున.

"పోనివ్వండి. పిల్ల ముఖం చూసి ఒక మెట్టు నేనే దిగుతాను. ఈ గంపెడు రొయ్యపొట్టు తీసుకెళ్ళండి. ఎవరో ఒకరు వచ్చి, మాట వరసకు ఒక్క పిలుపు పిలిస్తే చాలు, నేను పంపుతానని చెప్పండి."

ధర్మయ్య గంప తీసుకుని ఇసకదిబ్బ చాటుకు వచ్చాడు. గంప ఖాళీ అయ్యింది. ఆ తరవాత ఏటమ్మ దగ్గర బురద చెంప.

"చెల్లెమ్మా, ఎలా చెప్పను? మీ చలిమిడి అలల్లోకి విసిరేసింది. 'మా కోడలికి మా ఇంట్లోనే పురుడు పోస్తాం, మా మంత్రసానులు మాకున్నారు' అంది."

"ఉప్పునీళ్ళలోనా? పిల్లలు చచ్చిపోతారన్నయ్యా!"

"నేనూ అదే అన్నాను. 'చావనీ, ఇంకో కాన్పు లేదా?' అంది."

ఈ మాట రాయడానికి నా చెయ్యి ఆడటం లేదు. సముద్రమ్మ కలలో కూడా అనని మాట అది. ఏటమ్మ కుప్పకూలిపోయింది. ఆ రోజంతా ఏటిలో అల అనేది లేచింది కాదు.

రోజులు గడుస్తున్నాయి. ఇలసకు ఒళ్ళు బరువెక్కింది. ఈదితే ఆయాసం. పడుకుంటే నిద్ర లేదు. ఏ చేప ఎదురైనా, "మా అమ్మ దగ్గరనుంచి ఎవరైనా వచ్చారా?" అని అడిగేది.

చివరికి ధర్మయ్యనే అడిగింది. "బాబాయిగారూ, మా అమ్మ నిజంగా నా గురించి ఏమీ అడగలేదా?"

"అడగలేదమ్మా. వరదల రోజులు కదా, ఇంట్లో చోటు లేదంది."

 ఇలస మెల్లగా అంది. "మా అమ్మ కోప్పడుతుంది. తిడుతుంది. చోటు లేదని మాత్రం అనదు."

ఆ తెల్లవారి పోటు లేచే వేళకు, ఎవరికీ చెప్పకుండా, ఇలస బయలుదేరింది. పోటు నీళ్ళు వెనకనుంచి తోస్తూంటే, ఆగుతూ ఆగుతూ, మొగ దాకా వచ్చింది.

ధర్మయ్య ఇరుకుదారికి అడ్డంగా నిలబడ్డాడు.  పిల్ల తల్లిని చేరితే వీడి విందులు ఆ పూటతో సరి.

"అయ్యయ్యో! పిలవకుండా వచ్చేశావా తల్లీ? పురిటి మనిషివి, మీ అమ్మ గుమ్మంలోంచి తిప్పి పంపిస్తే ఎంత నామోషీ! ఇక్కడే, ఈ ఉప్పునీళ్ళలోనే కాసేపు కూర్చో. నేను వెళ్ళి మీ అమ్మ కాళ్ళు పట్టుకుని ఒప్పించి తీసుకొస్తాను."

ఇలసకు ఒంట్లో ఓపిక లేదు. సరేనని కూర్చుంది.

ధర్మయ్య వెళ్ళాడు. ఎక్కడికి వెళ్ళాడు? ఇసకదిబ్బకు అటువైపు తిరిగి, నాచు మీద వెల్లకిలా పడుకుని ఒక కునుకు తీశాడు. లేచి, ఆయాసపడుతున్నట్టు ఒగరుస్తూ తిరిగి వచ్చాడు.

"ఎంత బతిమాలినా రానంది తల్లీ! నీ మొహం చూడనంది."

"అబద్ధం!" అని దిబ్బ మీంచి ఒక కీచుగొంతు వినబడింది.

అది పీతమ్మ. ఇసకదిబ్బ మీద బొరియలో ఉండే ముసలి పీత. దాని కళ్ళు పుల్లల మీద నిలబెట్టినట్టు పైకి ఉంటాయి కదా, నాలుగు వైపులా కనబడతాయి.

"ఓయ్ పెద్దమనిషీ! ఏటిదాకా ఎప్పుడు వెళ్ళావయ్యా నువ్వు? నా బొరియ పక్కనే పడుకుని గుర్రుపెట్టి నిద్రపోయావు. ఆ గురకకు నా మనవలు లేచి ఏడుస్తున్నారు!"

"చాల్లే ఊరుకో!" అన్నాడు ధర్మయ్య. "పుట్టిన దగ్గరనుంచీ తిన్నగా ఒక్క అడుగు వేసినదానివి కాదు. అడ్డంగా నడిచేదాని మాట ఎవరు నమ్ముతారు?"

"నేను అడ్డంగా నడుస్తాను. అడ్డంగా మాట్లాడను. అమ్మాయ్, కుంకుమ పొట్లం ఒకటి ఇక్కడ బురదలో పూడ్చి ఉంది. వీడే తొక్కాడు. తామరాకు అదిగో, ముళ్ళకంపకు తగులుకుని ఉంది. వీడు ఇక్కడ కూర్చుని ఏమేం తింటున్నాడో నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఎవరిదో నాకు తెలియలేదు, అందుకే ఊరుకున్నాను."

ఇలస ఆ తామరాకు వైపు చూసింది. ఆకు అంచున చలిమిడి మరక ఉంది. అమ్మ చేతి వాసన ఇంకా పోలేదు.

"అమ్మా!" అని ఒక్క కేక పెట్టింది.

ఆ కేక ఏటమ్మకు వినబడింది. గట్లు ఒరుసుకుంటూ, సుడులు తిరుగుతూ పరిగెత్తుకొచ్చింది. కోడలు కనబడక వెతుక్కుంటున్న సముద్రమ్మకూ వినబడింది. అల మీద అల వేసుకుంటూ ఆవిడా పరిగెత్తుకొచ్చింది. పెళ్ళి తరవాత మళ్ళీ ఇన్నాళ్ళకు ఇద్దరూ మొగ దగ్గర ఎదురుపడ్డారు.

ఎదురుపడి ఏం చేశారు? మూతులు తిప్పుకున్నారు! మాటలు లేవు కదా మరి!

మాటలు లేనివాళ్ళు ఎలా మాట్లాడుకుంటారో మీ ఇళ్ళల్లో మీరు చూసే ఉంటారు. పక్కన ఎవరుంటే వాళ్ళ మీద పెట్టి మాట్లాడతారు. ఇక్కడ పక్కనున్నది పీతమ్మ.

"పీతమ్మా, నా కూతుర్ని ఉప్పునీళ్ళలో ఎందుకు కూర్చోబెట్టారో కనుక్కో!" అంది ఏటమ్మ, ఆకాశం వైపు చూస్తూ.

పీతమ్మ గబగబా సముద్రమ్మ వైపు నడిచింది. అది అటు వెళ్ళేలోపే సముద్రమ్మ అంది. "పీతమ్మా, పిలిచే దిక్కు లేక కూర్చుందని ఆవిడతో చెప్పు! కానుపు రోజులొచ్చినా చలిమిడి ముద్దకు గతి లేదా అని కూడా అడుగు!"

"పీతమ్మా, చలిమిడి పంపితే అలల్లో విసిరేసింది ఎవరో చెప్పమను!"

"పీతమ్మా, ఎవరమ్మా విసిరింది? నేను చలిమిడి కళ్ళతో చూస్తే కదా! నేను పంపిన రొయ్యపొట్టు గంప ఏమైందో ఆవిణ్ణి చెప్పమను!"

"ఏ గంప పీతమ్మా?"

"ఏ చలిమిడి పీతమ్మా?"

పీతమ్మ అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచి నడిచి అలిసిపోయింది. "మీ కబుర్లు మోయించి నా మోకాళ్ళు అరగదీస్తారా?" అని కసిరింది. "ఇద్దరికీ చెవులున్నాయి కదా! ఆ పెద్దమనిషి నట్టనడుమ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి వాణ్ణే అడగండి."

అప్పుడు ఇద్దరూ ధర్మయ్య వైపు తిరిగారు.

ధర్మయ్య ఇరుకుదారిలో నిలబడి ఉన్నాడు. ఎడమ చెంప ఏటి వైపు, కుడి చెంప సముద్రం వైపు. వెనక్కి పోవడానికి దారి లేదు. ముందు ఇలస, వెనక దిబ్బ.

"అన్నయ్యగారూ, నా చలిమిడి ఇచ్చారా?" అంది ఏటమ్మ.

"ఇచ్చాను చెల్లెమ్మా" అన్నాడు ఎడమ మూతితో.

"నాకు ఇచ్చారా?" అంది సముద్రమ్మ.

"అసలు ఆవిడ పంపితే కదా చెల్లెమ్మా" అన్నాడు కుడి మూతితో.

"నేను పంపలేదా?"

"పంపారు, పంపారు!" అని మూతి ఇటు లాగాడు.

"అయితే నాకు ముట్టిందా?"

"ముట్టలేదు, ముట్టలేదు!" అని మూతి అటు లాగాడు.

ఇటు ఒక మాట, అటు ఒక మాట. ఇటు లాగీ, అటు లాగీ, తిన్నగా ఉన్న మూతి కాస్తా వంకరపోయింది. అది మళ్ళీ సర్దుకోలేదు.

ఆ గొడవలో ఇలసను ఎవరూ చూడలేదు. నొప్పులు మొదలయ్యాయి. పాపం, పళ్ళబిగువున ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది. ఒక గుప్పెడు గుడ్లు జారి ఉప్పునీళ్ళలో పడ్డాయి. బంగారు రవ్వల్లా మెరిసిన గుడ్లు చూస్తూండగానే తెల్లబడి, అడుగుకు దిగిపోయాయి.

 అలలు ఆగిపోయాయి.

ధర్మయ్య మాత్రం ఆగలేదు. తెల్ల చెంప ఇలస వైపు తిప్పి, "ఊరుకో తల్లీ, నేను మీ మనిషిని…" అన్నాడు.

నెమ్మదైన పిల్ల ఇలస. ఎవరినీ పల్లెత్తు మాట అనని పిల్ల. ఆ మాట వినగానే గిర్రున వెనక్కి తిరిగింది. తోక ఎత్తింది. ఉన్న బలమంతా తోకలోకి తెచ్చుకుని ఆ తెల్ల చెంప మీద ఫెడేలుమని కొట్టింది.

ఆ దెబ్బకు కుడి చెంప మీది కన్ను ఊడి, నెత్తి మీదుగా ఎగిరి, ఎడమ చెంప మీద రెండో కన్ను పక్కన వెళ్ళి అతుక్కుంది!

ధర్మయ్య గుండ్రంగా తిరిగి, బల్లపరుపుగా బురదలో పడ్డాడు. నిలబడదామని చూశాడు. ఒరిగిపోయాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ ఒరిగిపోయాడు.

"ఇంక ఇద్దరికి రెండు చెంపలు చూపించలేవు" అంది ఇలస ఆయాసపడుతూ. "ఉన్న కళ్ళు రెండూ ఒకే వైపు. చూసేదేదో అందరి ఎదురుగా చూడు."

"నీ తెల్ల చెంప నాకు అక్కర్లేదు. నువ్వు నా మనిషివి కావు" అంది సముద్రమ్మ.

"నీ బురద చెంప నాకూ అక్కర్లేదు. నువ్వు నా మనిషివీ కావు" అంది ఏటమ్మ.

"నా బొరియ పక్కన మాత్రం పడుకోకు, గురక భరించలేను" అంది పీతమ్మ.

అప్పుడు సముద్రమ్మ వియ్యపురాలి వైపు తిరిగింది. ఈసారి ఆకాశం వైపు చూడలేదు. పీతమ్మ వైపు చూడలేదు.

"వదినగారూ, మీరన్నారని విన్న మాటల్లో ఒక్కటి మిమ్మల్ని అడిగి ఉంటే, ఆ గుడ్లు బతికేవి" అంది.

"నేను ఒక్క అడుగు నా కాళ్ళతో వచ్చి ఉన్నా బతికేవి వదినగారూ" అంది ఏటమ్మ. ఏడుస్తోంది. "కడుపులో ఇంకా ఉన్నాయి. పిల్లను పంపండి."

సముద్రమ్మ కోడలికి నురగతో బొట్టు పెట్టింది. ఒక పెద్ద అల కింద చెయ్యి వేసినట్టు ఇలసను ఎత్తి, ఇరుకుదారి దాటించి, తియ్యనీళ్ళలో దించింది. ఏటమ్మ కూతుర్ని అందుకుంది. ఆ వారంలోనే ఇలస కడుపున మిగిలిన గుడ్లన్నీ పిల్లలయ్యాయి. ఏరంతా వెండి రవ్వలు చల్లినట్టు కళకళలాడింది. పోయినవి మాత్రం పోయాయి. వాటిని ఏ సఖ్యతా తిరిగి తేలేదు.

ఆ తరవాత ఏటమ్మ ఎవరి చేతా కబురు పంపలేదు. వానాకాలం రాగానే తన ఒళ్ళంతా కుంకుమ కలుపుకుని, ఎర్రగా, తనే మొగ దాటి సముద్రంలోకి బారెడు దూరం వెళ్ళి, "అమ్మాయ్, పురిటికి రా!" అని పిలుస్తుంది. ఆ ఎర్రనీరు చూడగానే సముద్రమ్మ బొట్టుపెట్టి పంపిస్తుంది. ఇలసలన్నీ ఆ నీటికి ఎదురెక్కి పుట్టింటికి వస్తాయి.

మరి ధర్మయ్య? ఏటిలోకి వెళితే తరిమారు. సముద్రంలోకి వెళితే తరిమారు. కొట్టించుకున్న చెంప ఎవరికీ కనబడకుండా కిందకు పెట్టి, మొగ దగ్గర బురదలో అతుక్కుపోయాడు. ఎవరైనా వస్తున్న అలికిడైతే ఒంటి మీద ఇసక కప్పుకుంటాడు. వాడి పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉంటాయి. రెండు చెంపలకూ రెండు కళ్ళుంటాయి, నిలువుగా ఈదుతాయి. కాస్త పెద్దవయ్యేసరికి కుడి కన్ను జరిగి జరిగి ఎడమ పక్కకు వచ్చేస్తుంది. తోక దెబ్బ అంత గట్టిది.

అప్పటినుంచే నాలుక చేపకు కళ్ళు రెండూ ఒకే చెంపకు ఉంటాయి, మూతి వంకరగా ఉంటుంది, తెల్ల చెంప ఎప్పుడూ బురదకే ఆనించి ఉంటుంది.

చెల్లీ మాణిక్యం, నాతో కూర్చుని ఈ కథ విన్నదానివి నువ్వొక్కతెవే మిగిలావు. పేర్లు ఒకసారి సరిచూడు. వియ్యపురాళ్ళ పేర్లు ఇవేనా? కూతురు ఇలసేనా, ఇంకేదైనా ముద్దుపేరు ఉండేదా? నాకు రెండు రోజులుగా అనుమానంగా ఉంది. తప్పైతే కొట్టేసి పైన రాయి. ధర్మయ్య అన్న పేరు మీద మాత్రం నాకు అస్సలు నమ్మకం లేదు. అంత మంచి పేరు వాడికి ఎవరు పెడతారు? నీకు అసలు పేరు గుర్తొస్తే, వెంటనే మార్చు.